కొంగు కొసన కొలువు

మగ్గం దిగిన ధర్మవరం పట్టుచీరకు ఇంకా ఒక పని మిగిలే ఉంటుంది. ఆ పనిలో కొత్త పద్ధతి నేర్చుకోవడానికి హిందూపురం చుట్టుపక్కల ఆడవాళ్లు మధ్యాహ్నం పూట సూదీ దారం పట్టుకుని క్లాసులకు బయల్దేరుతున్నారు.

ధర్మవరంలో పట్టుచీర ఎంచుకుని బిల్లు కట్టబోయే వేళ షాపువాళ్లు ఒక మాట అడుగుతారు. "కుచ్చు మేం వేయించి ఇవ్వాలా అమ్మా, మీరే వేయించుకుంటారా?" వేయించి ఇమ్మంటే ఫోను బయటికి వస్తుంది. సాదా ముడులు, బేబీ కుచ్చు, క్రోషా, పూసలతో, పూసలు లేకుండా... ఒక్కో బొమ్మకు ఒక్కో రేటు. సాదా రకం కొన్ని వందల్లో తేలిపోతుంది. క్రోషా అయితే పనితనాన్ని బట్టి వెయ్యి దాటుతుంది. ఆ తరవాత చీర సంచిలో పడి ఎవరింటికో వెళ్తుంది. నాలుగు రోజులకు కొంగు చివర వరసగా వేలాడే కుచ్చులతో తిరిగొస్తుంది. మధ్యలో అది ఏ వీధికి వెళ్లిందో, ఎవరి ఒళ్లో ఉందో కొన్నవాళ్లు అడగరు, అమ్మినవాళ్లు చెప్పరు.

నేతగాళ్ల సంగతి వేరు. ధర్మవరం చేనేత పట్టుచీరకూ పావడాకూ భౌగోళిక గుర్తింపు ఉంది. నేతన్న నేస్తం పథకాన్ని 2019 డిసెంబరు 21న ప్రారంభించింది ధర్మవరంలోనే. ఏటా ఆగస్టు 7న చేనేత దినోత్సవం జరుగుతుంది. వీటితో వాళ్ల కష్టం తీరిందని కాదు. కనీసం వాళ్లు పనివాళ్లని లోకం ఒప్పుకుంది. కుచ్చు వేసే మనిషికి ఆపాటి గుర్తింపూ లేదు. "ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు ఏదో అల్లుకుంటుంది" అన్న మాట దగ్గరే ఆమె కథ ఆగిపోతోంది. ఈ క్లాసులు ఆ మాటను మారుస్తాయన్న ఆశతోనే ఈ కథనం.

ముడి నుంచి అల్లికకు

కుచ్చు సోకు కోసం పుట్టింది కాదు. మగ్గం మీద నుంచి చీర కోసేటప్పుడు నేత పడని పడుగు పోగులు కొంగు చివర మిగులుతాయి. వాటిని అలాగే వదిలేస్తే పేక పోగులు ఒక్కొక్కటే జారిపోయి నేత విడిపోతుంది. అందుకని ఆ పోగుల్ని చిటికెడు చిటికెడు విడదీసి, రెండు పాయలుగా మెలిపెట్టి, ముడి వేసేవాళ్లు. పెళ్లిళ్ల రోజుల్లో వాకిట్లో చాప పరుచుకుని అవ్వ, అత్త, కోడలు తలా ఒక చివర పట్టుకుంటే పూటలో పని తెమిలిపోయేది. చీరకు కాపలా, కంటికి అందం రెండూ ఆ ముడిలోనే ఉండేవి.

క్రోషా కుచ్చుకు చీర సొంత పోగులతో పనిలేదు. కొంగు అంచు మడిచి కుట్టేస్తారు. కొన కొక్కెంలా వంగి ఉండే ఒకే ఒక్క సూదితో, వేరే దారంతో, అంచు మీదే అల్లిక పుట్టిస్తారు. కన్నడ దేశంలో పట్టుచీరకు కుచ్చు మీద మక్కువ ఎక్కువ. హిందూపురం నుంచి బెంగళూరు సుమారు వంద కిలోమీటర్లు. సంబంధాలు అటూ ఇటూ కలుపుకునే ఊరు. అక్కడి పెళ్లిలో కనబడ్డ కుచ్చు ఇక్కడి పెళ్లికి రావడానికి ఆట్టే కాలం పట్టదు.

స్వెట్టర్ అల్లినవాళ్లకు ఒక విషయం తెలుసు. రెండు సూదుల అల్లికలో వరస మొత్తం కళ్లు, అంటే దారపు ఉచ్చులు, సూది మీదే ఉంటాయి. సూది జారిందా, వరసంతా విడిపోయే ప్రమాదం. క్రోషాలో ఎప్పుడు చూసినా సూది మీద ఉండేది ఒకటే కన్ను. కుక్కర్ కూత పెట్టినా, బిడ్డ ఏడ్చినా, గేటు దగ్గర నీళ్ల బండి హారన్ కొట్టినా ఆ ఒక్క కన్నును కాస్త పొడుగ్గా లాగి పక్కన పెట్టి లేచిపోవచ్చు. ఇంటి పనుల మధ్య ఇమిడిపోయే విద్య ఇది. దీని బలం అదే, బలహీనత కూడా అదేనని ముందుముందు చూద్దాం.

గొలుసుతో మొదలు

హిందూపురంలో ఒక మేడ మీది హాలు. పిల్లలు బడి నుంచి వచ్చేలోపు క్లాసు ముగియాలి కాబట్టి అన్నాలు తిని గిన్నెలు కడిగేసి వచ్చేస్తారు. ముదిరెడ్డిపల్లి నుంచి మగ్గం ఉన్న ఇంటి కోడలు, డిగ్రీ అయిపోయి ఉద్యోగం కోసం చూస్తున్న అమ్మాయి, సోమందేపల్లి నుంచి బస్సులో వచ్చే టైలరు. మాటల్లో సగం తెలుగు, సగం కన్నడం. నేర్పే ఆమెను వయసుతో పనిలేకుండా అందరూ "అక్కా" అనే పిలుస్తారు.

మొదటి రోజు చీర ముట్టనివ్వరు. దారం, సూది, అంతే. కన్నులోంచి దారం లాగితే ఇంకో కన్ను, దాంట్లోంచి లాగితే మరొకటి. ఇలా గొలుసు సాగాలి. చూడటానికి పసిపిల్లల ఆట. చేతికి తీసుకుంటే తెలుస్తుంది దాని పంతం. ఒక కన్ను శనగగింజంత, పక్కది ఆవగింజంత వస్తుంది. తప్పు సూది పట్టిన కుడి చేతిది కాదు, దారాన్ని పంపే ఎడమ చేతిది. దారం చిటికెన వేలికి ఒక చుట్టు చుట్టుకుని, మధ్య వేళ్ల కింద నుంచి దూరి, చూపుడు వేలి మీదుగా సూదికి చేరాలి. ఆ చూపుడు వేలు కాస్త లేస్తే దారం బిగుస్తుంది, దించితే వదులవుతుంది.

"బిగపట్టొద్దు పాపా. నువ్వు గుంజే కొద్దీ కొంగు ముడుసుకుంటుంది, సూడు" అంటూ అక్క డిగ్రీ అమ్మాయి చూపుడు వేలిని తన వేలితో రవ్వంత పైకెత్తి పట్టుకుంది. మాటతో పది నిమిషాలుగా కుదరనిది ఆ తాకిడితో కుదిరింది. తరవాత వచ్చిన కళ్లన్నీ ఒక్క తీరున పడ్డాయి.

గొలుసు చేతికి వచ్చాక గుడ్డ మీదికి. టైలరు తెచ్చిన జాకెట్టు ముక్కలే పలకలు. అంచు నుంచి రవ్వంత లోపలికి సూది గుచ్చి, వెనక నుంచి దారం అందుకుని ముందుకు లాగి, కన్ను ముగించాలి. అక్కడి నుంచి కొన్ని గొలుసు కళ్లు అల్లి, అరంగుళం అవతల మళ్లీ గుచ్చితే చిన్న తోరణం ఏర్పడుతుంది. ఇక్కడే లెక్క. గుచ్చే చోట్ల మధ్య దూరానికి గొలుసు సరిగ్గా సరిపోతే తోరణం అంచుకు అతుక్కుని బల్లపరుపుగా ఉంటుంది. గొలుసు ఎక్కువైతే వేలాడుతుంది. తక్కువైతే గుడ్డను లాగి ముడతలు పెడుతుంది. ఎన్ని కళ్లు అన్నది పుస్తకంలో ఉండదు. దారం లావు, చేతి బిగువు, సూది నంబరు మూడింటినీ బట్టి ఎవరి లెక్క వాళ్లు కట్టుకోవాలి. ఈ స్టీలు సూదుల్లో నంబరు పెరిగే కొద్దీ కొన సన్నబడుతుంది. పట్టు మీద పనికి సన్న కొనే కావాలి.

రెండో వరస ఈ తోరణాల మీద నడుస్తుంది. పూసలు పడేది అప్పుడే. దారానికి ముందే పూసలు ఎక్కించుకుని, కావలసిన చోట ఒక్కోదాన్ని సూది దగ్గరికి జరిపి, కన్ను వేసి బంధించాలి. ఎన్ని పూసలు కావాలో ముందే లెక్కపెట్టుకోకపోతే మధ్యలో దారం తెంచక తప్పదు. చివరికి కుచ్చు. దారాన్ని అట్ట ముక్కకు చుట్టి, ఒకవైపు కత్తిరించి, తోరణం నడిమి నుంచి దూర్చి, రెండుగా మడిచి, మెడ దగ్గర జరీ దారంతో బిగించి, ఆవిరి పట్టి, అన్నీ ఒకే పొడవున కత్తిరించాలి. కత్తెర పట్టేటప్పుడు క్లాసులో మాటలు ఆగిపోతాయి. ఇక్కడ తేడా వస్తే దూరం నుంచే కనబడుతుంది.

అసలు భయం మొదటి పట్టుచీర ఒళ్లోకి వచ్చిన రోజు. ధర్మవరం చీర కొంగులో జరీ దిట్టంగా ఉంటుంది. సూది పోగును చీల్చకూడదు, రెండు పోగుల నడుమ సందు వెతుక్కుని దిగాలి. తిరిగి వచ్చేటప్పుడు కొక్కెం జరీ పోగును తగులుకుందంటే కొంగుకు అడ్డంగా ఒక గీత లేచిపోతుంది. దాన్ని మళ్లీ లోపలికి పంపడం చాలా కష్టం. అందుకే సూదిని దించేటప్పుడు కొక్కెం ఎటు చూస్తోందో, తీసేటప్పుడు ఎటు తిప్పాలో అక్క పదేపదే చెబుతుంది. చీర వేలల్లో ఉంటుంది, కూలి వందల్లో. పొరపాటు జరిగితే చీర డబ్బు ఎవరు కట్టాలన్న ప్రశ్న క్లాసులో అందరి బుర్రల్లోనూ ఉంది.

పట్టు ఊళ్లో పట్టు కాని దారం

క్లాసులో వాడే దారాన్ని "సిల్క్ థ్రెడ్" అంటారు గానీ చాలావరకు అది కృత్రిమ పట్టు. హిందూపురం చూస్తే పట్టుగూళ్ల మార్కెట్టుకు పేరున్న ఊరు. పక్కనే కిరికెరలో పట్టు పరిశ్రమ పరిశోధన సంస్థ ఉంది. ఒక గూట్లోంచి తెగకుండా వచ్చే పోగు కిలోమీటరు దాకా ఉంటుంది. అలాంటి పోగులు కొన్ని కలిపితే గానీ మగ్గానికి పనికొచ్చే దారం కాదు. ఆ ఖరీదు కుచ్చు భరించలేదు, అన్ని రంగులూ చిన్న ఉండల్లో దొరకవు. కాబట్టి కృత్రిమ దారాన్ని తప్పు పట్టలేం. తప్పు పట్టాల్సింది రంగు పరీక్ష చేయకుండా వాడటాన్ని. దారం కొస తడిపి తెల్ల గుడ్డ మీద నొక్కితే ఎరుపులు, నీలాలు చాలాసార్లు మచ్చ వేస్తాయి. తొలి చెమటకే కుచ్చు రంగు కొంగు జరీ మీదికి పాకితే ఆ చీర గతి ఏం కావాలి? ఈ పరీక్ష నేర్పని క్లాసు క్లాసే కాదని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక అవకాశం కూడా ఉందనిపిస్తుంది. మగ్గాల ఇళ్లలో పడుగు కొసలు ఎంతోకొంత మిగులుతూనే ఉంటాయి. చీర రంగు, ఆ కొసల రంగు ఒకటే. ఆ అసలు పట్టును కుచ్చుకు వాడగలిగితే, చీరా కుచ్చూ ఒకే పట్టు అని చెప్పి అమ్ముకోవచ్చు. ముదిరెడ్డిపల్లి కోడలు ఇంట్లో మిగిలిన కొసలు తెచ్చి ప్రయత్నించింది. పురి ఎక్కువున్న పోగు కావడంతో కుచ్చు కాస్త బిరుసుగా వచ్చింది. కానీ దాని మెరుపు ముందు కొన్న దారం వెలవెలబోయింది.

పెనుకొండలో ఫోనే పంతులు

1565 తళ్లికోట యుద్ధం తరవాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఊరు పెనుకొండ. ఇప్పుడు పక్కనే ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ. 2019లో అక్కడ ఉత్పత్తి మొదలయ్యాక ఆ దారి పొడవునా బతుకులు మారాయి. షిఫ్టులకు వెళ్లగలిగినవాళ్లు వెళ్తున్నారు. చంటిబిడ్డలు, మంచాన పడ్డ పెద్దలు ఉన్న ఇళ్లలోని ఆడవాళ్లకు ఫ్యాక్టరీ బస్సు ఎక్కే వీలు లేదు. వాళ్లలో కొందరు ఫోను గోడకు ఆనించి పెట్టుకుని వీడియోలు చూస్తూ కుచ్చు నేర్చుకుంటున్నారు.

వీడియోలు చెడ్డవని అనను. కొత్త నమూనా చూడటానికి వాటిని మించినవి లేవు. అయితే అందులో వేళ్లు కనబడతాయి, దారం బిగువు కనబడదు. ఎక్కడ తప్పిందో చెప్పే నోరు ఉండదు. పెనుకొండలో ఒకామె చూపించిన మొదటి కొంగులో నమూనా అచ్చు వీడియోలోదే, అంచు మాత్రం అలలు అలలుగా లేచింది. హిందూపురం క్లాసులో అయితే ఆ జబ్బు రెండో తోరణం దగ్గరే పట్టుబడేది. పదిమంది కూర్చున్నచోట ఇంకో లాభం కూడా ఉంది. ఏ షాపు ఎంత ఇస్తోంది, ఎవరు డబ్బు ఎగ్గొట్టారు, ఎవరు వెంటనే ఇస్తారు అన్నది తెలుస్తుంది. ఫోను ముందు ఒంటరిగా కూర్చున్న మనిషికి ఈ కబురు చేరదు.

నరసాపురం చెప్పే పాఠం

తెలుగువాళ్లకు క్రోషా కొత్త కాదు. 1844 ప్రాంతంలో గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు అక్కడి ఆడవాళ్లకు లేసు అల్లిక నేర్పారని చెబుతారు. అక్కడి నుంచి అది నరసాపురం చుట్టూ పల్లెల్లో వేళ్లూనుకుంది. ఆ దశాబ్దంలోనే ఐర్లండ్‌లో బంగాళదుంప పంట కుళ్లి కరువు వస్తే, కుటుంబాలు గట్టెక్కడానికి కాన్వెంట్లలో క్రోషా నేర్పారు. ఎక్కడ చూసినా ఈ సూది పేద ఇంటి ఆడవాళ్ల చేతికే ముందు అందింది.

నరసాపురం లేసు విదేశాలకు వెళ్లింది, వ్యాపారులు బాగుపడ్డారు. అల్లినవాళ్ల సంగతి? జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఆ పల్లెల్లో తిరిగి, 1982లో నరసాపురం లేసు పనివాళ్ల మీద పుస్తకం ప్రచురించారు. రోజుకు గంటల తరబడి అల్లుతున్న స్త్రీలను లోకం పనివాళ్లుగా చూడలేదని, గృహిణులు తీరిక వేళల్లో చేసే పనిగా జమకట్టి కూలిని అట్టడుగున ఉంచిందని ఆమె చూపించారు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అల్లిక వచ్చిన నూట ఎనభై ఏళ్లకు!

ఆ పుస్తకంలోని మాటే మన ఊళ్లలో కుచ్చు గురించి వినబడుతున్నప్పుడు నాకు భయం వేస్తుంది. వంట మధ్యలో పక్కన పెట్టి లేవగలిగే పని కాబట్టి అది పనే కాదనుకోవడం చాలా తేలిక. నాలుగో చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత పనివాళ్లు 35.22 లక్షలు. అందులో 8.48 లక్షల మంది అనుబంధ పనులవాళ్లు. కండెలు చుట్టేవాళ్లూ, ఆసు పోసేవాళ్లూ ఆ లెక్కలో కనిపిస్తారు. షాపు మెట్లు దిగిన చీర మీద పనిచేసే మనిషి ఏ గడిలోకి వస్తుంది? 2023లో కేంద్రం తెచ్చిన విశ్వకర్మ పథకంలో 18 వృత్తులు ఉన్నాయి. టైలరు ఉన్నాడు, చేపల వల అల్లేవాళ్లు ఉన్నారు, పూలదండలు కట్టేవాళ్లు ఉన్నారు. అందరూ ఉండాల్సినవాళ్లే. చీరకు కుచ్చు అల్లే ఆమె మాత్రం లేదు. పట్టణాల్లో మెప్మా, పల్లెల్లో వెలుగు ద్వారా నడిచే పొదుపు సంఘాలకు ఈ పని చక్కగా అతుకుతుంది. సంఘం పేరుతో షాపులతో ఒప్పందం చేసుకుంటే, చీర పాడైతే నష్టం ఎవరిదన్నది కూడా ముందే కాగితం మీద తేల్చుకోవచ్చు.

ఇంకో విషయం ఉంది, ఇది ధైర్యం ఇచ్చేది. ధర్మవరం నేతను దెబ్బతీసింది మరమగ్గం. చేనేతకు కొన్ని రకాలు కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చినా, మరమగ్గం మీద దించిన చీరలు చేనేత పేరుతో అమ్ముడుపోతూనే ఉన్నాయి. క్రోషా విషయంలో ఆ బెడద లేదు. స్వెట్టర్ అల్లికకు మిషన్లు వచ్చి చాలా కాలమైంది. ఒంటి కొక్కెంతో, ముందు వేసిన కన్ను ఎక్కడుందో చూసుకుని దూరాల్సిన ఈ అల్లికను అచ్చంగా చేసే మిషన్ మాత్రం ఇంకా ఫ్యాక్టరీలకు రాలేదు. అందులోనూ నేసిన చీర అంచు మీద! కాబట్టి ఈ విద్యకు ధర తగ్గించుకోవాల్సిన అగత్యం లేదు.

ధర కట్టడమూ చదువే

హిందూపురం క్లాసులో చివరి పాఠం సూదిది కాదు, నోటుబుక్కుది. చీర పన్నా నలభై ఎనిమిది అంగుళాలు అనుకుంటే అరంగుళానికి ఒకటి చొప్పున సుమారు తొంభై ఆరు తోరణాలు. ఒక్కోదానికి ఎంతసేపు? రెండో వరసకు? కుచ్చులకు? పది తోరణాలకు గడియారం పెట్టి చూసి, మొత్తానికి లెక్కకట్టమంటుంది అక్క. దారం, పూసలు, జరీ ఖర్చు ఒక పక్క, గంటలు మరో పక్క. అప్పటిదాకా షాపు ఇచ్చిన రేటులోంచి ఖర్చు తీసేసి, గంటలతో భాగించి చూస్తే గంటకు వచ్చే కూలి పొలం పనికి వెళ్తే వచ్చేదంత కూడా లేదని టైలరు గట్టిగా అనేసింది. "అంత అడిగితే షాపోళ్లు ఇంకొకరికి ఇస్తారు కదక్కా" అని డిగ్రీ అమ్మాయి. "ఇంకొకరు ఎవురు? నీ పక్కన కూసున్న ఈమే కదా" అంది అక్క. కాసేపు గోల గోలగా వాదించుకున్నారు. రెండు వరసల క్రోషాకు ఇంతకు తగ్గేది లేదని ఒక రేటు రాసుకున్నారు. పెనుకొండ ఆమెకు కూడా ఫోను చేసి చెప్పారు.

కొత్త బ్యాచికి పేర్లు ఇస్తున్నవాళ్లలో ఈసారి ధర్మవరం నుంచి ఒక నేతగాడు ఉన్నాడు. చీర తన ఇంట్లో దిగుతోంది, కుచ్చు మాత్రం షాపువాళ్ల ద్వారా బయటికి పోతోంది, ఆ మిగులు షాపుకే చేరుతోంది. తనూ భార్యా ఇద్దరూ నేర్చుకుంటే కుచ్చుతో సహా చీరను నేరుగా కొనేవాళ్లకే ఇవ్వచ్చని అతని ఆలోచన. మగవాళ్లకు నేర్పుతారా అని మొహమాటపడుతూ అడిగాడు. సోమవారం ఇద్దర్నీ రమ్మని, వచ్చేటప్పుడు పన్నెండో నంబరు సూదులు రెండూ, ఇంట్లో మిగిలిన పడుగు కొసలూ తెచ్చుకోమని అక్క చెప్పింది.